ఇసుక లేని నెత్తళ్ళు

మా ప్యాకెట్ మీద మొదటి నుంచీ ఒకటే మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది: "ఇందులో ఇసుక లేదు." కంపెనీ పేరు దాని కింద చిన్నగా ఉంటుంది. బొమ్మలు వేసిచ్చినాయన అది చూసి నవ్వాడు. తినే వస్తువు మీద ఏముందో రాస్తారు గానీ ఏం లేదో రాస్తారా అన్నాడు. ఆయన ఎండు చేపలు కొనుక్కుని తిన్నవాడే గానీ అమ్మిన ఇంట్లో పుట్టినవాడు కాదు. వాదించకుండా అలాగే వేయించాను.

మా అమ్మ ఎండు చేపలు అమ్మేది. శ్రీకాకుళానికి తూర్పున సముద్రపు ఒడ్డు మా ఊరు. మా నాన్నావాళ్ళ పడవలో వచ్చిన నెత్తళ్ళను, అంటే వేలెడంత ఉండే సన్న చేపల్ని, ఇసుకలో పరిచి ఎండబెట్టి, గంపకెత్తుకుని బస్సెక్కేది. ఒక వారం బొబ్బిలి, ఒక వారం సాలూరు. బడి లేని రోజు నన్నూ వెంటబెట్టుకునేది. బస్సు ఎంత నిండినా మా పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఆ సౌకర్యం నాకు చాలాకాలం గొప్పగా తోచింది. కారణం వాసన అని కాస్త పెద్దయ్యాక తెలిసింది.

సాలూరు సంతలో కొండ దిగి వచ్చినవాళ్ళు మారుమాట లేకుండా కొనుక్కుని పోయేవాళ్ళు. లారీ డ్రైవర్లూ, టౌను ఆడవాళ్ళూ అలా కాదు. గుప్పెడు నెత్తళ్ళు తీసి, అరచేతిలో రుద్ది, మిగిలిన ఇసుక రేణువులతో సహా ఆ చెయ్యి మా అమ్మ మొహం ముందు పెట్టేవాళ్ళు.

"ఏటే, సేపలమ్ముతన్నావా, ఇసకమ్ముతన్నావా?"

తూకం కోసం కలిపావని దాని అర్థం. అమ్మ కలపలేదు. ఇసుకలో ఆరబెట్టిన చేపకి ఇసుక అంటుకుంటుంది, అంతే. అమ్మ ఆ సంగతి చెప్పేది కాదు. చేట తీసి, వాళ్ళ కళ్ళ ముందే చెరిగి పోసేది. రోజుకు పదిసార్లు చెరిగేది, పదిసార్లూ దొంగ అనిపించుకునేది. నాకు ఒళ్ళు మండిపోయేది. నా కంపెనీ పుట్టింది ఆ చేట దగ్గరే. ఇప్పుడు సభల్లో మైకు పట్టుకున్నప్పుడు మత్స్యకార మహిళల జీవనోపాధి, పరిశుభ్రమైన ఆహారం అని చెబుతాను. అవీ నిజమే. కానీ అసలు కోరిక, మా అమ్మ మొహం ముందు చెయ్యి పెట్టినవాళ్ళందరి చేతా ఇసుక లేని నెత్తళ్ళు తినిపించాలన్నది. అమ్మ అది చూడకుండానే పోయింది.

కంపెనీ పెట్టకముందు పదిహేనేళ్ళు రొయ్యల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో చేశాను. అనుమానించడమే అక్కడ ఉద్యోగం. ఐసు మీద అనుమానం, నీళ్ళ మీద అనుమానం, చేతుల మీద అనుమానం. బాగుంది అని రాసేవాళ్ళకి అక్కడ విలువ లేదు. బాగోలేదు అని రాసి, ఎందుకు బాగోలేదో చూపించినవాళ్ళకే ప్రమోషను. నాకు మూడు వచ్చాయి. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. పాలవాడు నవ్వితే పాలు మరిగించి చూసేదాన్ని.

నాకు పెద్దమ్మ లేకపోతే ఈ పని మొదలయ్యేది కాదు. ఆవిడ మా అమ్మకి అక్క. ఒడ్డున అందరికీ పెద్ద దిక్కు. ఇసుక మీద కాకుండా వెదురు మంచెలు కట్టి, వాటి మీద వల పరిచి ఆరబెడదామని నేను అన్నప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వారు. ఇసుక కాలితేనే అడుగు నుంచి ఆరుతుంది, గాల్లో పెడితే కుళ్ళిపోతుంది అన్నారు. పెద్దమ్మ ఏమీ అనకుండా తన వాటా చేపలు తెచ్చి నా మంచె మీద పోసింది. రెండో రోజు సాయంత్రం ఒకటి నోట్లో వేసుకుని నమిలి, మిగతావాళ్ళ వైపు చూసి, రుచి లేదు గానీ ఇసకా లేదు, రండి అంది. అలా ఆవిడతో కలిపి పద్నాలుగు మంది అయ్యారు.

పైకప్పు లేని మంచెల ఆవరణా, పక్కన ప్యాకింగు గదీ కలిపి షెడ్డు అనేవాళ్ళం; దాని తాళాలు ఆవిడ దగ్గరే. బొడ్డు దగ్గర కొంగుకి కట్టుకుని చెక్కుకునేది. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ చిన్నప్పుడు కత్తిపీట మీద తెగి, ఇక ముడుచుకోవు. ముడి వేయాలన్నా విప్పాలన్నా ఎడమ చేత్తోనే. తలకి టోపీ కట్టుకోవడం రాక, రోజూ పక్కవాళ్ళ చేత కట్టించుకుంటూ, ఈ పిల్ల ముసలితనంలో నా నెత్తిన బుట్ట బోర్లించిందని తిట్టేది. రూళ్ళన్నీ నావే. తలకి టోపీ, చేతికి సబ్బు, గుమ్మం దగ్గర సిమెంటు తొట్టి. పనివాళ్ళు కాళ్ళు కడుక్కునే లోపలికి రావాలి. గోడ మీద రాయించి పెట్టాను.

మొదటి రెండేళ్ళూ నేనూ వాళ్ళతోనే ఉన్నాను. చేప దులపడం, కడగడం, పరచడం, తిప్పడం. ఆ తర్వాత సరుకు బొబ్బిలి వెళ్ళింది, విజయనగరం వెళ్ళింది, గరివిడిలో ఫ్యాక్టరీ వాళ్ళు ఉండే కాలనీల్లోకి వెళ్ళింది. విశాఖపట్నంలో పెద్ద దుకాణాల వాళ్ళు కబురు పెట్టారు. శ్రీకాకుళంలో ఆఫీసు తీసుకోవలసి వచ్చింది. షెడ్డుకి వారానికి రెండు రోజులే వెళ్ళగలిగేదాన్ని, బుధవారం, శనివారం. కారు దిగి, చెప్పులు బయట విడిచి, నేరుగా మంచెల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటీ పట్టి చూసేదాన్ని. వంచి చూసేదాన్ని, వాసన చూసేదాన్ని, వెలుగుకి ఎత్తి చూసేదాన్ని. అంతకుముందు పలకరించుకుంటూ వెళ్ళేదాన్ని. ఇప్పుడు టైము చాలేది కాదు, చూసి వచ్చేసేదాన్ని.

గరివిడి నుంచి ఒక టీచరమ్మ ఫొటో పంపింది. మా మొదటి ఖాతాదారుల్లో ఆవిడ ఒకరు. ఫొటోలో ఒక అరచెయ్యి, అందులో అయిదారు ఇసుక రేణువులు. కింద ఒక్క ముక్కే రాసింది, "పంటికి తగిలింది మేడం" అని. కోపంగా రాసినా బాగుండేది. ఆ చెయ్యి చూడగానే నాకు సాలూరు సంతలో నిలబడ్డట్టయింది. తల కొట్టేసినట్టయింది.

ఒకటైతే పొరపాటు అనుకోవచ్చు. వారం తిరక్కుండా బొబ్బిలి దుకాణం నుంచి ఒకటి, విజయనగరం నుంచి ఇంకొకటి. నా ప్యాకెట్ మీద ఏం రాసుందో గుర్తు చేసుకోండి. ఇంకే కంపెనీకైనా అది ఒక ఫిర్యాదు. నాకు మాత్రం అబద్ధాలకోరు అనే తిట్టు. పైగా నెల తిరిగేసరికి విశాఖ దుకాణాల తరఫు మనిషి షెడ్డు చూడ్డానికి వస్తున్నాడు.

ఇక నా ఉద్యోగం నాకు తిరిగొచ్చింది. గాలిని అనుమానించాను. సముద్రం వైపు ఎత్తుగా తెర కట్టించాను. వలని అనుమానించి కొత్తది వేయించాను. జల్లెడ మార్చాను. చేప తెచ్చే గంపలు మార్చాను. ఇసుక ఆగలేదు. వస్తువులన్నీ అయిపోయాక మనుషులు మిగిలారు. పద్నాలుగు మంది మొహాలూ చూడడం మొదలుపెట్టాను. ఎవరైనా నన్ను చూసి మాట ఆపితే ఎందుకాపింది అనుకున్నాను. ఆపకుండా మాట్లాడితే ఏం కప్పిపుచ్చుతోంది అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎవరో ఒకరు తడుముకుంటారని, మీటింగు పెట్టి ఇసుక సంగతి చెప్పి అందరి చేతుల వైపూ చూశాను. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేనే వాళ్ళకి టోపీలు పెట్టించాను కదా, అందరూ ఒకేలా కనిపించారు.

అప్పుడు ప్యాకెట్ల మీది తేదీలు తీసి చూశాను. ఫిర్యాదు వచ్చిన ప్రతి ప్యాకెట్టూ బుధవారమో శనివారమో మంచెల మీద ఉన్న చేపే. ఒక్కటీ తప్పలేదు. దొంగ దొరికిందని సంతోషం కలిగింది, దాచను. నేను వచ్చే రోజున మంచెలు నిండుగా కనబడాలని, ఇళ్ళ దగ్గర ఇసుక మీద ఆరబెట్టుకున్న చేప తెచ్చి కలుపుతున్నారన్నమాట. ఇంతకంటే రుజువేం కావాలి? పదిహేనేళ్ళ అనుభవం, తేదీలతో సహా.

ప్యాకింగు చేసే ఆవిడని ఆఫీసుకి పిలిచి అడిగాను. ఆవిడ బాప్టిస్టు చర్చికి వెళ్ళే మనిషి. మా పద్నాలుగు మందిలో ఆదివారం పనికి రానిది ఆవిడొక్కతే. అబద్ధం ఆడదు. కాకపోతే అడగనిదేదీ చెప్పదు. ఇళ్ళ దగ్గర ఆరిన చేప తెచ్చి కలుపుతున్నారా అని అడిగాను. లేదు మేడం అంది. తెలియదంటావా, లేదంటావా అన్నాను. లేదంటున్నాను అంది. ఇంకేం అడుగుతానా అన్నట్టు కాసేపు కూర్చుంది. ఈవిడకీ భాగం ఉందేమో అనుకుని నేను పంపించేశాను.

ఆ సాయంత్రమే చెప్పకుండా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఇంటి ముందు పాత వల ముక్క మీద, ఇసుకలో, చారెడు నెత్తళ్ళు ఆరుతున్నాయి. నిప్పు లేనిదే పొగ రాదు అనుకున్నాను. ఇవేమిటి అని అడిగితే, కూరకి అంది. షెడ్డులో అన్ని ఉండగా ఇవెందుకు అన్నాను. మంచె మీద ఆరిందానికి రుచి ఉండదని మొదటి రోజే చెప్పాను కదా, అవి అమ్మడానికి, ఇవి తినడానికి అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాననుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని చేతులు కడుక్కుంటున్నప్పుడు షెడ్డులోకి వెళ్ళాను. పక్కకి పిలిచి చెప్పవలసింది. అలా చెయ్యలేదు. అందరికీ తెలిస్తే అందరూ భయపడతారు, ఒక్క దెబ్బతో ఇసుక ఆగిపోతుంది అని లెక్క వేసుకున్నాను.

"తాళాలు ఇలా ఇచ్చెయ్ పెద్దమ్మా. రేపట్నుంచి నేను చూసుకుంటాను."

ఆవిడ నన్ను చూసింది. ఎందుకని అడగలేదు. ఎడమ చేత్తో కొంగు ముడి విప్పబోయింది. ముడి బిగుసుకుపోయింది. ఎవరూ సాయం రాలేదు, నేనూ వెళ్ళలేదు. చాలాసేపటికి వచ్చింది. తాళాల గుత్తిని నా చేతికివ్వకుండా తూకం పళ్ళెంలో పెట్టింది. టోపీ తీసి మడిచి మేకుకి తగిలించింది. తొట్టి దగ్గర కాళ్ళు మళ్ళీ కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. లోపలికి వచ్చేటప్పుడు కడుక్కోమని నేను రాయించాను గానీ బయటికి పోయేటప్పుడు కడుక్కోమని రాయించలేదు.

ఇసుక ఆగిపోయింది. ఆ వారం ఒక్క ఫిర్యాదు లేదు, మరుసటి వారం లేదు. టీచరమ్మకి రెండు ప్యాకెట్లు ఉచితంగా పంపితే, ఈసారి బాగున్నాయని జవాబిచ్చింది. విశాఖ మనిషి వచ్చాడు. తెర చూశాడు, మంచెలు చూశాడు, గోడ మీద రూళ్ళకి ఫొటో తీసుకున్నాడు. సరుకు పంపండి అన్నాడు. నేను గెలిచాను. బాధగా లేదా అంటే ఉంది. కానీ నా అనుమానం నిజమైందన్న తృప్తి ఆ బాధని మింగేసింది. పెద్దమ్మ ఇంటి వైపు వెళ్ళవలసి వస్తే రోడ్డు మార్చుకునేదాన్ని.

తర్వాత మబ్బులు పట్టాయి. మూడు రోజులు ఎండ లేదు, తూర్పు గాలి తడిగా వీచింది. మంచెల మీద ఉన్న చేప మెత్తబడింది. శుక్రవారానికి తెల్లగా బూజు పట్టింది. విశాఖ దుకాణాలకి పంపవలసిన మొదటి సరుకు అదే. మొత్తం గోతిలో పారబోయించాను. పారబోస్తుంటే ఆడవాళ్ళు నా వైపు చూసి చూపులు తిప్పుకుంటున్నారు. ఏదో గొణుక్కుంటున్నారు. మబ్బు పడితే చేప పాడవడం మాకు కొత్త కాదు, ఇంతలా గుసగుసలాడవలసిన పనేముంది?

ప్యాకింగు ఆవిడని మళ్ళీ పిలిచాను. ఈసారి ప్రశ్న మారింది.

"వీళ్ళు దేనికి భయపడుతున్నారు?"

"మట్టి తీయడం మానేసినారు కదా మేడం, అందుకు."

"ఏం మట్టి?"

ఆవిడ నేల వైపు చూసి చెప్పింది. "మీ కాలి మట్టి."

మిగతాది ఆవిడ చెప్పినట్టే చెబుతాను. నేను ఆఫీసుకి మారిన కొత్తలో రెండు మూడుసార్లు మంచి చేప మెత్తబడింది. నేను చూసి వెళ్ళిన మర్నాడే అలా అవుతోందని పెద్దమ్మ గమనించింది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, నెత్తళ్ళెంత! దిష్టి అని తేల్చింది. ఎవరి కన్ను పడిందో వాళ్ళ కాలి కింద మన్ను తీసి, ఉప్పూ ఎండు మిరపకాయలూ కలిపి తిప్పి నిప్పుల్లో వేస్తే దిష్టి పోతుందని మా వైపు అందరి నమ్మకం. అందుకని నా కారు మలుపు తిరగ్గానే, గుమ్మం ముందు ఇసుకలో నా అడుగులు ఉన్నచోట ఇంత ఇసుక గుప్పిట్లోకి తీసుకునేది. ఒక్కొక్క మంచె మీదా ముమ్మారు తిప్పేది. తర్వాత బయట పొయ్యిలో వేసేది. బుధవారం ఒకసారి, శనివారం ఒకసారి. ఆవిడ వెళ్ళాక మిగతావాళ్ళు భయపడి మానేశారు.

"నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మేం అలాటివి సెయ్యం మేడం. కలుపుతన్నారా అని మీరడిగినారు, కలపట్లేదని సెప్పినాను. ఇసక ఎలాగొస్తంది అని అడగనేదు."

నిజమే, అడగలేదు. నాకు జవాబు ముందే తెలుసు కదా.

ఆవిడ వెళ్ళాక పెద్దమ్మ కుడిచెయ్యి గుర్తొచ్చింది. రెండు వేళ్ళు ముడుచుకోని గుప్పిట ఇసుకని ఎలా పట్టి ఉంచుతుంది? తిప్పిన ప్రతిసారీ నాలుగు రేణువులు జారతాయి. టీచరమ్మ అరచేతిలో ఉన్నవి అవే. బుధవారం, శనివారం అని తేదీలు నాకు అంత స్పష్టంగా చెప్పాయి. ఆ రెండు రోజుల్లోనూ షెడ్డులోకి కొత్తగా వచ్చేది ఎవరు అని ఒక్కసారి ఆలోచించి ఉంటే సరిపోయేది. అనుమానించే ఉద్యోగంలో అన్నేళ్ళు చేసి, ఒక్కరిని మాత్రం వదిలేశాను. తొట్టిలో కాళ్ళు కడుక్కోకుండా షెడ్డులోకి వచ్చే మనిషి కూడా నేనొక్కదాన్నే. రూలు పనివాళ్ళకి అని రాయించుకున్నాను మరి.

నేను వెళ్ళేసరికి పెద్దమ్మ ఇంటి ముందు కూర్చుని నెత్తళ్ళు తిప్పుతోంది. నన్ను చూసి పీట జరిపింది, కూర్చోమనలేదు. నేను ఇసుకలోనే కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, కోపంగానే మొదలుపెట్టాను.

"నా కన్ను చెడ్డదని ఎలా అనుకున్నావు పెద్దమ్మా?"

"నా సెయ్యి సెడ్డదని నువ్వెలాగనుకున్నావు?"

ఆవిడ చేపలు తిప్పుతూనే చెప్పింది.

"నువ్వు రోజూ మాతో ఉన్నన్నాళ్ళూ ఏటీ కానేదు. కారు దిగి రావడం మొదలెట్టినావు, సేప సెడిపోడం మొదలెట్టినాది. మునుపు సేపని సేపలాగ సూసేదానివి. ఇప్పుడు ఒక్కోదాన్ని ఎత్తి, తిప్పి, పోలీసోడు సూసినట్టు సూస్తన్నావు. ఆ సూపు మంచిది కాదు పాపా. సెప్తే నువ్వు బాధపడతావనీసి, నాలో నానే సేసుకున్నాను."

"నా మొహానే చెప్పుంటే తిట్టి మాన్పించేదాన్ని కదా."

"మాన్పించీసేదానివి. అందుకే సెప్పనేదు."

దిష్టీ లేదు ఏమీ లేదు, మబ్బు పడితే చేప ఆరదు అని చెప్పబోయాను. అంతలో ఆవిడ చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది.

"మీ అమ్మని సంతలో ఇసక దొంగ అన్నప్పుడు నాను పక్కనే ఉన్నాను. అన్నోల్లు పరాయోల్లు. ఇంటికొచ్చి అదీ నానూ నవ్వుకునేవోలం. నన్ను నువ్వన్నావు. ఇంటికొచ్చి ఎవల్తో నవ్వుకోవాల?"

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. మా అమ్మ మొహం ముందు చెయ్యి పెట్టినవాళ్ళ మీద కసితో ఇంత కట్టి, చివరికి ఆ చెయ్యి నేనే పెట్టాను. అదీ అమ్మ తోబుట్టువు మొహం ముందు, పదమూడు మంది చూస్తుండగా. తప్పయింది పెద్దమ్మా అన్నాను. ఆవిడ ఓదార్చలేదు. ఊఁ అంది. కాసేపయ్యాక లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

తిరిగి రమ్మని నాలుగుసార్లు అడిగాను. అయిదోసారికి బేరం పెట్టింది. తాళాలు అందరి ముందే ఇవ్వాలి, తీసుకున్నది అందరి ముందే కదా. దిష్టి మాత్రం మానదు. నేనూ నా పట్టు విడవలేదు. మంచెల మీద ఇసుక తిప్పడానికి వీల్లేదు, షెడ్డు బయట నిలబడి షెడ్డు మొత్తానికి తిప్పుకో అన్నాను. దేవతకీ దిష్టికీ దూరం లెక్క ఉండదులే అని ఒప్పుకుంది. అయితే దొంగతనంగా అడుగులు వెతుక్కుని మన్ను తీయడం ఇకమీదట తన వల్ల కాదని, నేనే నిలబడి ఇవ్వాలని అంది.

"అయిన తరవాత కాళ్లు కడుక్కుని లోపలికెల్లు. గోడ మీద రాయించినావు కదా."

గరివిడి టీచరమ్మకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ ఇసుక నా కాళ్ళదేనని చెప్పాను. ఆవిడ తమ అత్తగారు కూడా ఇలాగే చేసేవారని చెప్పి, మామూలుగా పంపే ప్యాకెట్లు పంపమంది. గోడ మీద రూళ్ళలో "పనివాళ్ళు" అన్న మాట చెరిపించి "అందరూ" అని రాయించాను. ప్యాకెట్ మీద మాట మార్చలేదు.

పెద్దమ్మ తిరిగి వచ్చిన రోజు బుధవారం. అందరి ముందూ తాళాలు ఇచ్చాను. ఆవిడ ఎడమ చేత్తో ముడి వేసుకోబోతుంటే నేను వేశాను. తర్వాత గుమ్మం బయట, ఇసుకలో, ఎడమ కాలు ఎత్తి నిలబడ్డాను. మిగతా పదమూడు మందీ చూస్తున్నారు. నాణ్యత విభాగంలో నాతో పనిచేసినవాళ్ళు చూసి ఉంటే ఏమనుకునేవారో! పెద్దమ్మ వంగి నా పాదం కింద ఇసుక తీసి, ఉప్పూ మిరపకాయలూ కలిపి, షెడ్డుకేసి ముమ్మారు తిప్పి నిప్పుల్లో పడేసింది. మామూలుగా అయితే మిరపకాయలకి ఘాటు లేచి అందరికీ దగ్గు రావాలి. రాలేదంటే దిష్టి గట్టిగా ఉన్నట్టు లెక్క.

అందరం ఎదురుచూశాం. మిరపకాయలు నల్లబడ్డాయి. ఎవరూ దగ్గలేదు.

పెద్దమ్మ నా వైపు చూసింది. సూసినావా అన్న చూపు. మిగతావాళ్ళూ చూశారు. ఆ మిరపకాయలు ఎక్కడ కొన్నావు, ఎన్నాళ్ళవి, కావాలని ఘాటు పోయినవి ఏరి తెచ్చావా అన్న ప్రశ్న నా నాలుక చివరి దాకా వచ్చింది. ఇప్పటికీ ఆ అనుమానం పోలేదు. అడగలేదు. తొట్టి దగ్గరికి వెళ్ళి రెండు కాళ్ళూ మడమల దాకా కడుక్కుని లోపలికి వెళ్ళాను. ఈ వ్యాపారంలో నేను చేసిన పనులన్నిట్లో నాకు కష్టమైంది ఆ ప్రశ్న మింగెయ్యడమే.